కంటికి ఒకడు, లెక్కకు ఒకడు

"గంగప్ప రాకుండా నేను సంతకం పెట్టను. ఎవరేమనుకున్నా సరే" అన్నాడు అబ్రహాం.

1958. ఆదివారం పొద్దున పదిన్నర. బెంగళూరు శివార్లలో ఒక ఫ్యాక్టరీ క్రికెట్ మైదానం. వచ్చే ఏడు లీగులో కొత్తగా చేరబోయే జట్టుకు ఒక బ్యాట్స్‌మన్ కావాలి. ఆడేవాడికి పర్మనెంటు ఉద్యోగం, ఉండటానికి క్వార్టర్సు. ఖాళీ ఒక్కటే. ఎంపిక చేసే పెద్దలు మాత్రం ఇద్దరు. ఇద్దరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

అబ్రహాం టైమాఫీసు గుమాస్తా. పదేళ్లుగా లీగు ఆటలకు స్కోరు రాస్తున్నాడు. ఆటగాడి మొహం చూడడు. చూస్తే అభిమానం పుడుతుందట, అభిమానం పుడితే లెక్క చెడుతుందట! అంపైరు చెయ్యి చూస్తాడు, జట్టువాళ్లిచ్చిన పట్టీలో పేరు చూస్తాడు, పుస్తకంలో రాసుకుంటాడు. ఆ పుస్తకం ప్రకారం ఆనేకల్ దారిలోని బట్టల మిల్లు జట్టుకు ఆడే గంగప్ప పదకొండు ఆటల్లో అయిదు వందల ఎనభై మూడు పరుగులు తీశాడు. సగటు యాభై మూడు. లీగు మొత్తంలో అంత సగటు ఇంకెవరికీ లేదు.

వెంకటరాయప్ప ఫోర్‌మన్. హొసకోటె మనిషి, ఒకప్పుడు మంచి బౌలరు. ఆయనకు పుస్తకమంటే ఒళ్లు మంట. మిషన్ ఆసుపత్రి కాంపౌండులో, స్కోరు రాసే దిక్కు కూడా లేని ఆటలో, దేవదాసును చూశాడు. రెండు ఓవర్లు చూసి, "వీడే" అనేశాడు.

దేవదాసుకు ఇరవై రెండేళ్లు. నర్సు కృపమ్మ కొడుకు. ఈ నెలాఖరుకు కృపమ్మ రిటైరవుతుంది. ఆసుపత్రివాళ్ల క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత ఎక్కడ తలదాచుకోవాలో తల్లికీ తెలీదు, కొడుక్కీ తెలీదు.

తొమ్మిదికల్లా రమ్మని ఆటగాళ్లిద్దరికీ ఉత్తరాలు వెళ్లాయి. దేవదాసు ఎనిమిదింటికే వచ్చాడు. గంగప్ప జాడ లేదు.

వెల్ఫేర్ ఆఫీసరు జయరామప్ప గడియారం చూసుకున్నాడు. "పన్నెండు దాకా చూస్తా. కాగితం మీద మీ ఇద్దరి సంతకాలూ పడాల. లేకుంటే ఈ పని ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరుకిచ్చేస్తా. ఆ పిల్లోడు నెల నుంచీ నా చుట్టూ తిరగతా ఉండాడు" అని తన గదిలోకి వెళ్లాడు.

దేవదాసు చేత బ్యాటింగ్ చేయించారు. ఫ్యాక్టరీ బౌలర్లు ముగ్గురు చెమటలు కక్కేలా వేశారు. ఒక్క బంతి కూడా అతన్ని దాటలేదు.

"చూసినావా అబ్రహామూ? ఆ కాళ్లు ఎట్ల కదలతాయో చూసినావా?"

"ముప్పై ఆరు బంతులు. ముప్పై ఆరు బంతులతో మనిషిని తూచమంటావా? ఒక పొద్దుట అందరూ బాగానే ఆడతారు. నాకు ఏడాది లెక్క కావాలి."

"నీ గంగప్పకి ఏడాది లెక్క ఉండాది గానీ, ఈ పొద్దు మనిషే లేడు కదప్పా!"

అబ్రహాం మొహం మాడిపోయింది. పదేళ్లుగా అందరూ అతని పుస్తకాన్ని ఎగతాళి చేసినవాళ్లే. ఈ ఒక్కసారైనా అంకె గెలవాలని అతని పంతం.

దేవదాసు మెల్లగా దగ్గరికి వచ్చాడు. పెదవులు తడుపుకున్నాడు.

"అయ్యా, గంగప్ప రాడు."

"నీకెలా తెలుసు?"

దేవదాసు తల దించుకున్నాడు.

"నిన్నే అడిగేది! బెదిరించావా? దారిలో ఆపేశావా?"

"అయ్యో, లేదయ్యా. ప్రమాణంగా లేదు."

"సుమ్నే ఊరుకోప్పా అబ్రహామూ, పిల్లోడి మీద ఎగరబాకు" అని వెంకటరాయప్ప అడ్డొచ్చాడు. "దేవదాసూ, గంగప్పని నువ్వు ఎరుగుదువా?"

"ఎరుగుదునయ్యా."

"బాగా ఆడతాడా? నిజం చెప్పు."

 

"నాకంటే బాగా ఆడడయ్యా."

"విన్నావా పొగరు!" అబ్రహాం పుస్తకం మూసేశాడు. "సగటు యాభై మూడున్నవాణ్ణి పట్టుకుని తనకంటే తక్కువంటాడు! పోటీవాణ్ణి రాకుండా చేసి, పైగా ఈ మాటలు. ఇలాంటివాడికి నేను చచ్చినా సంతకం పెట్టను."

వెంకటరాయప్ప కోప్పడ్డాడు, తర్వాత బతిమాలాడు. చివరికి చేతులు కూడా పట్టుకున్నాడు. "పోనీ నువ్వే నా గంగప్పకు పెట్టు" అన్నాడు అబ్రహాం. కంటితో చూడనివాడికి ఎలా పెడతానని వెంకటరాయప్ప మొరాయించాడు. పన్నెండైంది. జయరామప్ప బయటికి వచ్చి, కాగితం మీద ఒక్క సంతకమే చూసి, దాన్ని తీసుకుపోయాడు. ఉద్యోగం గోల్‌కీపరుకు పోయింది.

దేవదాసు బ్యాటు సంచిలో పెట్టుకుని, ఇద్దరికీ దండం పెట్టి వచ్చేశాడు. అమ్మకు ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

గేటు బయట ఎండలో సైకిలు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"ఏమాయె?"

"పోయిందన్నా."

"నేను లోపలికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేస్తా. ఇంకా పొద్దు మించిపోలేదు, నన్ను పోనీ."

దేవదాసు సైకిలు హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. "వద్దన్నా. మిల్లు జట్టుకి మిల్లోళ్లే ఆడాలని రూలుండాది. తెలిసిందంటే రేపే నిన్ను పనిలోంచి తీసేస్తారు. నలుగురు బిడ్డలుండారు నీకు."

ఆ మనిషే గంగప్ప. జన్మలో బ్యాటు పట్టని అతని పేరు మీద ఆ పదకొండు ఆటలూ ఆడింది దేవదాసు.