గేరు మోటారు కూత

"నా కాటా మీద ఈ గ్రీజు మరకేమిటండీ?"

భార్య వంటింట్లోంచి కాటా చేత్తో పట్టుకునే వచ్చింది.

"మోటారు తూచాను. తుడిచేశానే!" అన్నాడు పళ్ళ డాక్టరు.

"తుడిస్తే ఇదెక్కణ్ణుంచి వచ్చింది? పంచదార తూచుకునే కాటా ఇది. మీకు కావాలంటే క్లినిక్కులో ఇంకోటి కొనిపెట్టుకోండి."

"విమానం బరువు అయిదు కిలోలు దాటితే పోటీలోకి రానివ్వరు. రెండు మోటార్లకీ తేడా ఎంతో చూడొద్దూ?"

"పెళ్ళికి ముందు నా కాటా పాడుచేశావు, ఇప్పుడు దీనిది పట్టావు," అంది తల్లి, పేపరు చాటు నుంచి.

భోజనాల బల్ల మీద రెండు మోటార్లు పక్కపక్కన ఉన్నాయి. రిమోట్‌తో గాల్లో పల్టీలు కొట్టించే విమానానికి వాటిలో ఒకటి బిగించాలి.

మొదటిదానికి గేర్లున్నాయి. విమానాన్ని నిటారుగా కిందికి దింపేటప్పుడు వేగం పెరగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. జడ్జీలు చూసేది అదే. కాకపోతే సన్నగా కూస్తుంది.

రెండోది గేర్లు లేకుండా ప్రొపెల్లరును సూటిగా తిప్పుతుంది. చప్పుడుండదు. కానీ దిగేటప్పుడు విమానం కాస్త జారిపోతుంది.

"గేరుదే నయం," అన్నాడు.

"వారమంతా క్లినిక్కులో పళ్ళు తొలిచే కూత, ఆదివారం నెత్తిమీద అదే కూత. నీ చెవులు నీవేనా?" అంది తల్లి.

ఊరి చివర మైదానం ఒక్కటే వాళ్ళకి దిక్కు. అది ఎవరిదో అతనికి తెలియదు. గేటుకి తాళం ఉండేది కాదు. ఎవరైనా ఒక్కసారి వద్దంటే చాలు, సాధనకి ఇంకో చోటు లేదు.

అతను విమానం మీంచి కన్ను తిప్పడు. వెనక నిలబడి తర్వాతి విన్యాసం చెప్పడం భార్య పని.

"ఇప్పుడు పైకి... సగం తిప్పండి... ఇప్పుడు బోర్లా..."

అందుకే ఆమెకి మాత్రమే పక్కలు చూసే తీరిక. మైదానం అవతలి ఇంటి పిట్టగోడ దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉండేది. విమానం లేచినప్పుడల్లా చెయ్యెత్తేది. గోడావిడ అని పేరు పెట్టుకున్నారు.

"గోడావిడ మళ్ళీ చెయ్యెత్తుతున్నారండీ."

"ఆపమని. ఈ కూత ఎవరికి నచ్చుతుంది? నా కుర్చీలో కూర్చున్నవాళ్ళయితే ఇది వినగానే రెండు చేతులూ ఎత్తేస్తారు."

ఓ ఆదివారం విమానం కారులో సర్దుతుండగా గోడావిడ గోడ తడుముకుంటూ వచ్చింది. కారు ముందు ఆగింది.

"బాబూ, ఆ కూత మీదేనా?"

డాక్టరు గబుక్కున కారు డిక్కీ మూసేశాడు.

"క్షమించండమ్మా. వచ్చేవారం నుంచి వినబడదు. మాటిస్తున్నాను."

"వినబడదా?"

"అస్సలు వినబడదు."

ఆవిడ ఏదో అనబోయింది. మళ్ళీ ఆగిపోయింది.

"అలాగా," అని, వచ్చినట్టే గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

"పాపం, ఆవిడని పూర్తిగా చెప్పనివ్వలేదు మీరు," అంది భార్య.

"చెప్పనిస్తే మైదానం పోయేది."

ఆ రాత్రే చప్పుడు లేని మోటారు బిగించాడు.

తర్వాతి ఆదివారం విమానం మబ్బుతునకలా జారుతూ తిరిగింది. దిగేటప్పుడు పట్టు లేదు. అయినా అతను సరిపెట్టుకున్నాడు.

గోడావిడ వచ్చింది. చాలాసేపు నిలబడింది. చెయ్యెత్తలేదు.

కొన్నాళ్ళకి బయటికి రావడమే మానేసింది.

"చూశావా, శాంతించింది," అన్నాడు.

భార్య విన్యాసాల పేర్లు చెబుతూనే మధ్యమధ్య ఆ ఖాళీ గోడ వంక చూసేది.

మరో ఆదివారం వెళ్ళేసరికి గేటుకి తాళం. పక్కనే కొత్త బోర్డు. స్థలం చేతులు మారిందట, లోపలికి రాకూడదట.

"అయిపోయింది. ఆవిడే ఎవరికో చెప్పుంటుంది. నా నోటి దగ్గర కూడు తీసింది," అన్నాడు డాక్టరు స్టీరింగు మీద తల ఆనించి.

"ఉండండి, కనుక్కొస్తాను."

గోడావిడ ఇంటి ముందు వ్యాను ఆగి ఉంది. సామాన్లు ఎక్కిస్తున్నారు. లోపల గది దాదాపు ఖాళీ. మైదానం వైపు కిటికీ దగ్గర ఒక్క కుర్చీ మిగిలింది. అందులో ఆవిడ కూర్చుని ఉంది.

భార్య చాలాసేపటికి గాని తిరిగి రాలేదు.

"ఏమంటుంది?"

"పదండి, ఇంటికెళ్దాం."

దారంతా ఆమె అద్దంలోంచి బయటికే చూసింది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"వేరే చోటు వెతుక్కోవాలి. పోటీ దగ్గరకొచ్చేసింది. ఎలాగూ చెయ్యి అలవాటైంది, చప్పుడు లేని మోటారే ఉంచేస్తాను," అన్నాడు డాక్టరు.

"గేరుది బిగించండి," అంది భార్య.

"ఏం?"

"పోటీకి ఇంకో కుర్చీ కూడా తీసుకెళ్తున్నాం. గోడావిడ ఇప్పుడు చెల్లెలి దగ్గరుంటారు, మూడో అంతస్తులో. నేను వెళ్ళి తీసుకొస్తాను. నా పక్కన కూర్చుంటారు."

"మనల్ని వెళ్ళగొట్టినావిడనా?" తల్లి గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

భార్య కంచంలోంచి తలెత్తలేదు.

"ఆవిడకి చూపు ఆనదండీ. ఆ మైదానం ఆవిడదే. ఇన్నేళ్ళూ ఎవరడిగినా అమ్మకుండా మనకోసం గేటు తెరిచిపెట్టుకున్న మనిషి, కూత వినబడకపోయేసరికి మనం రావడం మానేశామనుకుని అమ్మేశారు."