దోమ కోసం వేట

“వాణ్ణి పట్టుకున్నానంటే పది వేళ్ళూ విరిచేస్తాను!” అంటూ కెప్టెన్ ద్రాగుమిర్ చేతిలోని హాస్య వారపత్రికను లిఫ్టు ఊచలకేసి కొట్టాడు. కొట్టగానే లిఫ్టు ఆగిపోయింది.

అతని దెబ్బకు కాదు. బుకారెస్టులో ఆ రోజుల్లో కరెంటు అలాగే పోయేది. రెండంతస్తుల మధ్య, ఇనుప ఊచల బోనులో ముగ్గురు చిక్కుకున్నారు. కెప్టెన్, అతని భార్య స్మారాండా, కింద వీళ్ళతోపాటు ఎక్కిన ఒక పొట్టి మనిషి.

“ఎవరక్కడ! కదిలించండి దీన్ని!” అని కెప్టెన్ అరిచాడు. కాసేపు ఊచలు పట్టుకుని ఊపి, చివరికి పొట్టి మనిషి వైపు తిరిగాడు.

“నువ్వు చూడవయ్యా ఇది! చూసి చెప్పు!”

పత్రికలోని వ్యంగ్య చిత్రంలో ఒక సైనికాధికారి లోదుస్తుల్లో బిగుసుకుని నిలబడి, టెలిఫోనులో మాట్లాడుతున్న జనరల్ గారికి సెల్యూట్ కొడుతున్నాడు. కింద ‘దోమ’ అని సంతకం.

పొట్టి మనిషి దగ్గాడు. “ఇది... తమరంటారా?”

“నేను కాక మీ తాతా? పోయిన వారం బొమ్మలో కుర్చీని కావలించుకుని చార్ల్‌స్టన్ డాన్సు నేర్చుకుంటున్నాను. అంతకుముందు అత్తగారొస్తే అల్మరాలో దాక్కున్నాను. రెజిమెంటంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది! నా ఇంట్లో సంగతులు ఈ దోమకెలా తెలుస్తాయి? పనిమనిషిని మాన్పించాను. వంటమనిషిని మాన్పించాను. కిటికీలు మూయించాను. నిన్నటినుంచి వీధి తలుపుకి తాళం కూడా వేశాను. ఈవిణ్ణి ఇంట్లో వదిలితే ఎవడొచ్చి ఏం చూసిపోతాడోనని వెంట తిప్పుకుంటున్నాను!”

స్మారాండా ఊచల అవతలి గోడను చూస్తూ నిలబడింది. “గాలాడడం లేదండీ” అంది మెల్లగా.

“ఇంట్లోనూ అదే మాట, ఇక్కడా అదే మాట!” అని కసురుకున్నాడు. అంతలో అతని చూపు పొట్టి మనిషి వేళ్ళ మీద పడింది. రెండు వేళ్ళకు సిరా మరకలు. ఒక్క ఊపున కాలరు పట్టుకున్నాడు.

“ఈ సిరా ఏమిట్రా? నువ్వేనా దోమవి?”

“అయ్యయ్యో! నాకు తిన్నగా గీత గియ్యడమే రాదండీ!”

“అయితే గియ్యి. ఇప్పుడే, ఇక్కడే. నన్ను గియ్యి!”

వెనక్కి జరగడానికి చోటు లేదు. వీపుకు ఊచలు గుచ్చుకుంటుంటే, కెప్టెన్ ఇచ్చిన పెన్సిలుతో పత్రిక అంచున ఆ మనిషి ఏదో గీశాడు.

“ఇదేమిటి?”

“తమరేనండి.”

“ముల్లంగి దుంపలా ఉంది! మరి ఈ రెండూ?”

“మీసాలండి.”

“చెవులనుకున్నాను!”

స్మారాండా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. కెప్టెన్ పట్టు వదిలి, నలిగిన కాలరును తానే సవరించాడు. “పోనీలే. నీ చేత బొమ్మ గీయించడం దేవుడి వల్ల కూడా కాదు” అన్నాడు జాలిగా.

లిఫ్టు కుదుపుతో కదిలి, పత్రిక కార్యాలయం ఉన్న అంతస్తులో ఆగింది. ముగ్గురూ బయటపడ్డారు.

“సంపాదకుడి పీక నొక్కితే దోమ పేరు వాడే కక్కుతాడు. నేను మాట్లాడబోయేవి ఆడవాళ్ళు వినే మాటలు కావు. ఏమయ్యా, నువ్వు అమాయకుడిలా ఉన్నావు, నేనొచ్చేదాకా ఈవిడకి కాస్త తోడుండు” అని కెప్టెన్ బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికి దూసుకుపోయాడు. తలుపు దడాలున మూసుకుంది. “ఎక్కడ మీ సంపాదకుడు?” అన్న కేక వసారా అంతా వినిపించింది.

స్మారాండా నింపాదిగా చేతి తొడుగులు తీసి, పొట్టి మనిషి వైపు తిరిగింది.

“తాళం పడ్డాక పంపే దారి లేకపోయిందండీ. ఓ కాగితం ఇప్పించండి సంపాదకుడు గారూ, ఆయన బయటికొచ్చేలోగా వచ్చే సంచిక బొమ్మ గీసిచ్చేస్తాను.”