మందు మానేసిన మనిషి

మెదడులో నరం చిట్లి చనిపోయిన బావమరిదిని కాటికి సాగనంపి వచ్చి, గణపతి స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాడు.

“కొబ్బరిచెట్టు వేరుకి పురుగుమందు కడితే నలభై రోజులు కాయ ముట్టుకోం. మరి రోజూ బీపీ మాత్ర మింగితే ఒళ్ళేమైపోద్దండీ?” అన్నాడు పరామర్శకు వచ్చినవాళ్ళతో. “నా మాట విని మావోడు ఆర్నెల్ల కిందట మానేసేడు గానీ, అప్పటికే ఆ మందు నరాలు తినేసింది. నన్ను చూడండి, వదిలేసి నాలుగేళ్ళు. రాయిలా ఉన్నాను.”

“ఆయ్” అన్నారు వాళ్ళు.

లోపల అతని భార్య సత్యదుర్గ తమ్ముణ్ణి తలుచుకొని కళ్ళు తుడుచుకుంది. నాలుగేళ్ళుగా రోజూ చేస్తున్నట్టే, బీపీ మాత్ర పొడిచేసి భర్త కాఫీలో కలిపింది.

తెలిస్తే తాగడని ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి కూడా.