వరండా మాట

వర్తక సంఘం హాల్లో కుర్చీకొక తెర వెలుగుతోంది. ఒక్కో తెరలో ఒక్కో వర్తకుడి రూపం, పాత సమావేశాల్లో అతనన్న మాటలు నేర్చుకుని, అచ్చం అతని గొంతుతోనే అతని బదులు మాట్లాడుతుంది. పురపాలక సంఘంతో సమావేశాలకు మనుషులు రావడం ఎప్పుడో మానేశారు. పోయినవాళ్ల తెరలు ఆపేయడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు.

బట్టలకొట్టు సుభాషిణి ఈరోజు స్వయంగా వచ్చి, తన తెర ఉన్న కుర్చీ పక్కనే నిలబడింది. బస్టాండును ఊరి బయటికి మారుస్తారట. మారిస్తే బజారుకు మనిషి రాడు.

కమిషనర్ గారి తెర ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడుగుతోంది.

"సరేనండీ," అన్నారు తెరలోంచి సుభాషిణి మామగారు, నిరుడు పోయినాయన. "సరేనండీ," అంది ఆ పక్క తెర.

సుభాషిణి ఆయన తెర వైపు తిరిగింది. అధికారి ముఖం మీదే కాదనడం ఈ బజారులో ఏనాడూ లేదు. హాల్లో తలూపేసి, తర్వాత వరండాలో టీ తాగుతూ అసలు సంగతి నెమ్మదిగా చెప్పేవారు. మామగారు బతికున్నన్నాళ్లూ బస్టాండును ఊళ్లోనే నిలబెట్టింది అలాగే. తెరలు నేర్చుకున్నది ఈ హాల్లో అన్న మాట ఒక్కటే.

"మావయ్యగారూ, వరండాలో చెప్పేవారు కదండీ, అదిక్కడే చెప్పేయండి."

ఆయన ఎప్పటిలాగే ఆప్యాయంగా నవ్వారు. "వరండాలో ఏం చెప్పేవాణ్ణమ్మా?"

"సుభాషిణి గారూ, మీరేమంటారు?" అంది కమిషనర్ గారి తెర.

కాదనడానికి ఆమె నోరు తెరిచేలోగా, పక్కనున్న కుర్చీలోంచి ఆమె గొంతే వినయంగా పలికింది.

"సరేనండీ."