నిండుగా పోసిన టీ

తలుపు తట్టకుండానే లోపలికి వచ్చాడు ముసలాయన. నెత్తిన గొర్రెతోలు టోపీ, బూట్లకు బురద.

"ఎర్మెక్ ఉన్నాడా తల్లీ?"

అల్మాటీ ఆర్థిక విద్యాలయంలో ప్రొఫెసర్‌ను ఉత్త పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఆయన గదిలో కంప్యూటర్ ముందున్న విద్యార్థిని అక్మరల్‌కు నవ్వొచ్చింది.

"అగాయ్ క్లాసులో ఉన్నారు అతా. కూర్చోండి."

గురువును అగాయ్ అని, తాత వయసువాళ్లను అతా అని పిలవడం అక్కడి అలవాటు. గిన్నెలో సగం టీ పోసి ఇచ్చింది. సగం పోస్తే ఇంకాసేపు ఉండమని. టీ అయ్యేదాకా వచ్చిన పని ఏమిటని ఇంటివాళ్లు అడగరు, వచ్చినవాళ్లు చెప్పరు. అది కజకులు ఉగ్గుపాలతో నేర్చిన మర్యాద.

అక్మరల్ మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగింది. పెట్టుబడుల నిర్వహణలో ఆమె వ్యాసం ఐదింటికి అందాలి. లేకపోతే ఏడాది చదువు బూడిదలో పోసిన పన్నీరే.

తెర మీద ముప్పై గీతలు, ముప్పై పెట్టుబడి ఫండ్లు. మార్కెట్లు పడిపోయిన ఓ గడ్డు ఏడాది ఇరవై తొమ్మిది కూలాయి. పదకొండో నంబరు మాత్రం కూలలేదు.

"ఈ ఒక్కటీ ఎందుకు పడలేదు?" వెనక నుంచి తొంగిచూశాడు ముసలాయన.

"అదే తెలిస్తే నేనిక్కడ ఎందుకుంటాను అతా? ఆరు నెలలుగా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అది. నడిపేవాళ్లు ఎవరో కూడా తెలీదు."

మళ్లీ సగం పోసింది.

"మా పక్కవాళ్లంతా గొర్రెలే పెంచారు. తొందరగా పెరుగుతాయని," అన్నాడాయన.

"ఊఁ."

"నేను గుర్రాలు కూడా ఉంచాను. గుర్రం పెరగడం ఆలస్యం. పిచ్చోడన్నారు."

"ఊఁ."

"ఓ చలికాలం మంచు రాయిలా బిగిసింది. గుర్రం డెక్కతో మంచు తవ్వుతుంది. గొర్రెకు తవ్వడం రాదు, గుర్రం వెనకే మేస్తుంది. లాభం తేని జంతువే లాభం తెచ్చేదాన్ని బతికించింది."

"నాది గొర్రెల చదువు కాదు అతా," అంది అక్మరల్. టైము నాలుగైంది. జవాబు రాయాల్సిన పేజీ తెల్లగానే ఉంది.

ఈసారి గిన్నె నిండా పోసింది.

నిండా పోస్తే ఇక దయచేయమని. పెద్దవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయన గిన్నె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. చివరి చుక్కదాకా తాగాడు. అరచేతులు చాచి దీవించాడు.

"నీ దారి చల్లగా ఉండాలి తల్లీ."

వెళ్లిపోయాడు. ఆమెకు కాస్త సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా హాయి అనిపించింది.

పది నిమిషాలకు ప్రొఫెసర్ వచ్చాడు.

"పెద్దాయన రాలేదా?"

"టోపీ ఆయనా? వెళ్లిపోయారు అగాయ్."

"వెళ్లడమేంటి? నీ కోసం రెండు బస్సులు మారి వచ్చాడు. ఏం పని మీద వచ్చారని అడగలేదా?"

"టీ అయ్యాక అడుగుదామని..." అక్మరల్ ఖాళీ గిన్నె వైపు చూసింది.

పరుగున మెట్లు దిగింది. వీధి చివరిదాకా వెతికింది. ఒగరుస్తూ తిరిగి వచ్చేసరికి ప్రొఫెసర్ కుర్చీలో కూలబడి ఉన్నాడు.

"ఎన్నేళ్లు బతిమాలినా తన పేరు చెప్పొద్దనేవాడు. నీ ప్రశ్న వినిపిస్తే, ఆ పిల్లకు నేనే చెప్తానన్నాడు," అన్నాడు మెల్లగా. "పదకొండో నంబరు ఫండు నడిపేది ఆయనే."