బాయిలర్ ముందు కుర్చీ

"లే అమ్మా, అది నేను కూర్చునే కుర్చీ," అన్నాడు పెద్దమేస్త్రి. నవ్వుతూ అందామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

కూతురు కదల్లేదు. కొత్త బాయిలర్‌కి వీపు తగిలేంత దగ్గరగా వేసిన ఆ పాత చెక్క కుర్చీలో, వెల్డింగ్ చేతి తొడుగులు ఒళ్లో పెట్టుకుని తాపీగా కూర్చుంది.

కంపెనీ పెట్టినాయన తన మొదటి బాయిలర్‌కి ఆవిరి ఎక్కించిన రోజు తనే ఆ కుర్చీలో కూర్చున్నాడట. ఆ తర్వాత ఇంజన్లు మారాయి, షెడ్లు మారాయి, యజమానులూ మారారు. ఆ పద్ధతి మాత్రం మారలేదు. కొత్త బాయిలర్‌కి మొదటిసారి ఆవిరి ఎక్కించేటప్పుడు అతుకు వేసినవాళ్లో, దాన్ని చూసి సరే అన్నవాళ్లో కూర్చోవాలి. మిగతావాళ్లు గోడ వెనక్కి పోవాలి. ఇన్నేళ్లూ పెద్దమేస్త్రే కూర్చున్నాడు.

ఈసారి బయటి అతుకులన్నీ చూసి, పక్కన సుద్దగీతలు పెట్టాడు. లోపలిది మాత్రం చూడకుండానే చూశానన్నాడు. కిందటిసారి మనిషి దూరే కంతలో అతని బొజ్జ ఇరుక్కుంటే నలుగురు కాళ్లు పట్టి లాగారు. షెడ్డంతా పడీపడీ నవ్వింది. ఆ చీకట్లో ఊపిరాడకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ చెమటలే. నిజం చెబితే ఆ పూటే గేటు బయటికి పంపేస్తారు. ఏమైనా అయితే పోయేది నేనే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

"అతుకులు నావే. నేను కూర్చోకూడదా?" అంది కూతురు.

మేనేజరు కూర్చోవచ్చన్నాడు. పెద్దమేస్త్రిని చెయ్యి పట్టుకుని గోడ వెనక్కి తీసుకుపోయాడు.

గోడకున్న చిన్న అద్దంలోంచి బాయిలర్ మీద ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు కనిపిస్తోంది. పైకి జరుగుతోంది. బాయిలర్ లోపల ఎక్కడో టక్కుమంది. వేడికి ఇనుము సాగుతోందిలే అన్నాడు మేనేజరు. మళ్లీ టక్. ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. దాని కిందే కూతురి జడ ముడి, సన్నటి మెడ.

"ఆపండి," అన్నాడు పెద్దమేస్త్రి. ఎవరికీ వినపడలేదు. మేనేజరుని చొక్కా పట్టుకుని గుంజాడు. "మంట ఆపండయ్యా. లోపలి అతుకు నేను చూడలేదు. అబద్ధం చెప్పాను."

మంట ఆర్పారు. ఆవిరి బుస్సుమంటూ బయటికి పోయింది. ముల్లు కిందికి దిగింది. తర్వాత మేనేజరు అతని జేబుకున్న గేటు కార్డు తీసేసుకున్నాడు.

కూతురు లేచి వచ్చింది.

"లోపల నీ సుద్దగీత లేదని పొద్దున్నే చూశాను నాన్నా," అంది. "కుర్చీలో నువ్వుంటే నోరు విప్పేవాడివి కాదు."