ఎక్కిళ్ళు లేని బండి

“పొట్టిదే వేయించుకో చెల్లెమ్మా, నా మాట విను,” అన్నాడు మేస్త్రి.

షెడ్డు బల్ల మీద రెండు మానిఫోల్డ్‌లు ఉన్నాయి. ఇంజన్‌కి గాలి అందించే గొట్టాల గుత్తులు. ఒకదానివి పొట్టి, వెడల్పు గొట్టాలు. రెండోదానివి పొడుగు, సన్నవి. ఆమె లారీకి ఉన్న పొడుగుది పొద్దున బండి తీయగానే పగిలిపోయింది.

“నువ్వు తిరిగేది నున్నటి రోడ్డు. వేసేది ఖాళీ డ్రమ్ములు. పొట్టిదయితే బండి గాల్లో తేలిపోతుంది. ఈ పొడుగుది కంచం ముందు మా బావమరిది లాంటిది. తొందర లేదు, కానీ లాగుడు ఆపదు. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూనే, తక్కువ ఆర్‌పీఎంలో బరువు లాగేవాళ్ళకి ఇది. నీకెందుకు?”

“మా వీధి మలుపులో ఎత్తు ఎక్కాలి కదన్నా.”

“ఆ ఒక్క మలుపు కోసం దారంతా నత్తలా పోతావా? ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది!”

“పొట్టిది వేస్తే మలుపులో ఏమవుతుంది?”

“ఏముంది, గేరు తగ్గించి కాస్త తొక్కాలి. బండి ఒకసారి ఎగిరిపడుతుంది, ఎక్కిళ్ళొచ్చినట్టు. అంతే.”

“ఎక్కిళ్ళు రాకూడదు,” అంది ఆమె. “మామయ్య వింటారు.”

మేస్త్రి నవ్వు ఆగిపోయింది.

ఆమె మామగారిని షెడ్డుల్లో అందరూ పెద్ద డ్రైవరు అనేవాళ్ళు. వీధి చివరి నుంచే చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పే మనిషి. పక్షవాతంతో ఒక పక్క పడిపోయి ఇప్పుడు మంచం దిగడం లేదు. ఆయన ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నప్పుడే కొడుకు పోయాడు. చెబితే గుండె తట్టుకోదన్నారు డాక్టర్లు. ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి బండి ఆమే నడుపుతోంది. గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి వెళ్తున్నానని మామగారికి చెప్పింది. సాయంత్రం బండిని ఇంటి ముందు నుంచి మెల్లగా పోనిస్తుంది. భర్త కొట్టినట్టే రెండుసార్లు హారన్ కొడుతుంది. వీధి అవతల ఆపి, నడిచొచ్చి, వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి వస్తుంది.

“మీ అబ్బాయి ఆగలేదు మామయ్యా. అర్జెంటు లోడట.”

“హారన్ విన్నానులే. వాడికి చెప్పమ్మా, వేళకింత తినమని. మా కోసం ఒళ్ళు గుల్ల చేసుకోవద్దని. నిద్రొస్తే బండి పక్కన పెట్టేయమని.”

“అలాగే మామయ్యా.”

రోజూ ఇవే మాటలు. రోజూ వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడుస్తుంది.

మేస్త్రి పొడుగుదే తీసుకుని బిగించాడు. ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది.

“ఇదే అన్నా. ఇదే మా ఆయన బండి చప్పుడు.”

మేస్త్రి మొహం తిప్పుకుని, శుభ్రంగా ఉన్న స్పానర్‌నే మళ్ళీ తుడిచాడు.

సాయంత్రం వీధి మలుపు వచ్చింది. అక్కడ రోడ్డు నిట్టనిలువుగా లేచి పక్కకి తిరుగుతుంది. ఆమె గేరు మార్చలేదు. యాక్సిలరేటర్ తొక్కలేదు. నిండుకుండ తొణకనట్టు, గుడగుడమంటూ బండి అలా ఎక్కేసింది. రెండుసార్లు హారన్ కొట్టింది.

బండి అవతల ఆపి, వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. పెద్దాయన పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు.

“మీ అబ్బాయి ఆగలేదు మామ...”

“మానిఫోల్డ్ మార్చారా?”

“పాతది పగిలిందట. చప్పుడేమైనా తేడాగా ఉందా మామయ్యా?”

“లేదు తల్లీ. పొద్దున బండి తీసినప్పటి బుస పోయింది, అంతే. పొడుగుదే వేశారుగా. చప్పుడు అదే.”

ఆమె ఊపిరి పీల్చుకుంది. మంచినీళ్ళ గ్లాసు అందించింది. ఆయన గ్లాసు తీసుకోలేదు. సత్తువ ఉన్న చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అరచేతిలో స్టీరింగ్ పట్టి కాసిన కాయలను బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

“బతికున్నన్నాళ్ళూ మావాడు ఆ మలుపులో బండికి ఎక్కిళ్ళు రాకుండా ఒక్కనాడూ ఎక్కించలేకపోయాడమ్మా.”